నా వేళ్ళకూ ఒక ధర ఉంది

కూరగాయల బండి దగ్గర బేరమాడడం మనకెవరూ నేర్పక్కర్లేదు. రూపాయి కూడా వదలం. కానీ మన చేతి పనికి మనమే ధర చెప్పాల్సి వస్తే? నోరు పెగలదు. నాకు ముప్పయ్యేడేళ్ళు వచ్చేదాకా పెగల్లేదు. ఆ సంగతే మీతో చెప్పుకుందామని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మాది బోధన్. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయ్యాక ఆ కాలువల కింద చెరకు పెరిగింది. ఆ చెరకును నమ్ముకుని 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. నేను పెళ్ళయి వచ్చిన కొత్తలో క్రషింగ్ మొదలయిందంటే చాలు, రోడ్డు పొడుగునా చెరకు బళ్ళూ, ట్రాక్టర్లే. కిటికీలు మూసుకున్నా ఆ తీపి వాసన ఆరేసిన బట్టలకు కూడా పట్టేది.

మావారిది చిన్న కిరాణా దుకాణం. ఇంటర్ చదివిన కోడలు వచ్చిందని మా అత్తగారు ఉద్దెర ఖాతా పుస్తకం నా చేతికిచ్చారు. ఎవరింటికి ఎంత కందిపప్పు వెళ్ళింది, ఎవరు ఎంత జమ కట్టారు... అంతా నా దస్తూరీలోనే ఉండేది. అయినా ఎవరైనా "మీరేం చేస్తారమ్మా?" అంటే, "ఏం లేదండీ, ఇంట్లోనే ఉంటాను" అనేదాన్ని.

2002లో ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా ప్రైవేటు చేతికి వెళ్ళింది. 2015 డిసెంబరులో మూతపడింది. పెద్ద చక్రం ఆగితే దాన్ని ఆనుకుని తిరిగే చిన్న చక్రాలు ఎంతకాలం తిరుగుతాయి చెప్పండి? టీ హోటలు, సైకిల్ షాపు, మా కిరాణా... అన్నిటికీ అదే గతి. ఉద్దెర పుస్తకం నిండుగానే ఉంది, గల్లాపెట్టే ఖాళీ. పని పోయిన మనిషి గుమ్మం ముందు నిలబడి బాకీ ఎలా అడుగుతాం?

2016 ఎండాకాలంలో దుకాణం ఎత్తేశాం. పాతిక కిలోమీటర్ల దూరంలోని నిజామాబాద్‌కు వచ్చి రెండు గదుల అద్దె ఇంట్లో చేరాం. మావారు ఒక పసుపు వ్యాపారి దగ్గర గుమాస్తాగా కుదిరారు. నిన్నటిదాకా గల్లా మీద కూర్చున్న మనిషి కదా! సాయంత్రం ఇంటికొచ్చి గోడకేసి చూస్తూ కూర్చునేవారు. నేనేమీ అడిగేదాన్ని కాదు. అడిగితే ఎక్కడ ఏడుస్తారోనని భయం.

ఆ తరువాత వచ్చిన సంక్రాంతికి ఇంటి మటుకు సకినాలు చేశాను. పక్కింటావిడకు నాలుగు పెడితే, "మా బిడ్డకు సారె పెట్టాలె. పన్నెండు కిలోలు చేసియ్యరాదు వదినా, ఎంతకిస్తవ్?" అంది. సిగ్గుతో తల వంచుకుని "మీ ఇష్టం" అన్నాను. ఆవిడే కిలోకు వంద అంది. సరేనన్నాను.

ఎదురింట్లో బీడీలు చుట్టే అక్క సాయం వచ్చింది. మూడు రోజులు నడుం వంచి చేశాం. డబ్బు చేతికొచ్చిన రాత్రి సంబరంగా, పాత అలవాటు కొద్దీ పుస్తకం తీశాను. బియ్యం 350, నువ్వులు 120, నూనె 340, గ్యాసు 100, వాము, ఉప్పు 30, పిండి పట్టించినందుకు 40, అక్క కూలి 400. మొత్తం 1,380. నాకు వచ్చింది 1,200! నా కష్టం పోగా, 180 రూపాయలు ఎదురు పెట్టుకున్నాను.

మర్నాడు అక్కకు చెబితే నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "మేం వెయ్యి బీడీలు చుడితే ఇంత అని లెక్కుంటది. మా వేళ్ళకు ధరుంది. నీ వేళ్ళకు లేదా చెల్లె?" అంది.

ఆ మాట గుండెకు తగిలింది. పదిహేడేళ్ళు ఊరందరి లెక్కా రాశాను. నా పద్దు మాత్రం ఒక్కనాడూ రాయలేదు.

ఈసారి నా కూలి కూడా కలిపి, కిలో 180 అని కాగితం మీద రాసుకున్నాను. రాయడం తేలికే! వారం తిరక్కుండా ఇంకొకావిడ వచ్చింది. ధర విని "బజార్ల నూటిరవైకే దొరుకుతయి గదా?" అంది. నేను మావారి వంక చూశాను. "నన్నెందుకు చూస్తవ్? చేసేది నువ్వు" అన్నారు. గొంతు సవరించుకుని, "దొరుకుతయి వదినా. నావి నూట ఎనభై" అన్నాను. ఆ తరువాత తగ్గిస్తానని నోరు జారకుండా ఊరుకోవడం ఇంకా కష్టమయింది. ఆవిడ వెళ్ళిపోయింది. దాచడమెందుకు, నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాలుగో రోజు ఆవిడే వచ్చి రెండు కిలోలు చెప్పింది. మళ్ళీ రాని వాళ్ళూ ఉన్నారు. ఎవరి సంచీ వాళ్ళది, అందులో చిన్నబోవాల్సిందేముంది?

2018లో పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పెద్ద పొయ్యి, కడాయి కొన్నాను. ఆహార భద్రత రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ఏడాది అమ్మకం 12 లక్షలలోపు ఉండే చిన్నవాళ్ళకు అప్పట్లో ఫీజు ఏడాదికి 100 రూపాయలే. ఆ కాగితం చూశాక మావారు చాలా రోజులకు నవ్వారు. ఇప్పుడు ఆదివారాలు పిండి జల్లించేది ఆయనే!

మాదేం పెద్ద వ్యాపారం కాదు. పండగ నెలలో ముగ్గురం చేస్తాం, మామూలు రోజుల్లో నేనొక్కదాన్నే. ఇంటద్దె, అమ్మాయి కాలేజీ ఫీజు వెళ్తున్నాయి. బోధన్ వెళ్ళినప్పుడు ఆ తీపి వాసన లేని గాలికి ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

ధైర్యం వచ్చాక పని మొదలు పెడదామనుకునే అక్కచెల్లెళ్ళకు నాదొక్క మాట. నాకు ధైర్యం ముందు రాలేదు. వణికే గొంతుతో ధర చెప్పాక, వెనకాల మెల్లగా వచ్చింది. మీరు కుట్టినా, వండినా, పిల్లలకు చదువు చెప్పినా, ఈ రాత్రి పనులయ్యాక ఒక కాగితం తీసుకుని మీ పద్దు రాసి చూడండి.

అన్నట్టు, సకినాలకు కొత్త బియ్యమే మంచిది. రాత్రంతా నానబెట్టి, నీళ్ళు వడకట్టి, తడి పూర్తిగా ఆరకముందే పిండి పట్టించండి. గుడ్డ మీద చుట్టిన సకినాల తడిని ఆ గుడ్డ పీల్చుకున్నాకే నూనెలో వేయండి. తొందరపడితే చిట్లుతాయి.