తెర మీది ఏనుగూ, తేలినీలాపురం కొంగా

సినిమాలో ఏనుగంత మంచి నటుడు లేడు. హీరో ఈల వేస్తే చాలు, పరుగెత్తుకొస్తుంది. అడవి అంటే మనకి తెలిసిందంతా అదే! 1977లో 'అడవి రాముడు' ముదుమలై అడవుల్లో తీస్తే, ఆ అడవి చూడాలని ఎంతమంది కుర్రాళ్ళు కలలు కన్నారో!

విజయనగరంలో వున్న మా మేనల్లుడి కల ఇంకాస్త దూరం పోయింది. కెన్యా అందరూ వెళ్ళేదేనట! వీడు పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా వెళ్ళి, 'మోలే' నేషనల్ పార్కు చూస్తాడట. అందుకో నోటుబుక్కు పెట్టాడు.

"మావయ్యా, అక్కడ జీపే అక్కర్లేదు. తుపాకీ పట్టిన గార్డు వెంట నడిచి వెళ్ళి ఏనుగుల్ని చూడొచ్చు!"

నిజమే. దాదాపు 4,800 చదరపు కిలోమీటర్ల పార్కది. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఎండలకి వాగులెండిపోయి, జంతువులు నీటి గుంటల దగ్గరికి చేరతాయి. దారిలో ఎక్కడో విమానం మారి ఆక్రా చేరాలి, అక్కణ్ణించి మరో విమానంలో తమాలే, ఆపైన రోడ్డు. ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరి. అదీ ప్రయాణానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి. ఆ సర్టిఫికెట్టు లేకుండా తిరిగొస్తే మన విమానాశ్రయంలోనే ఆపేసి విడిగా వుంచుతారు!

"జిరాఫీ వుంటుందా?" అన్నాను.

వాడి ముఖం వాడిపోయింది. పశ్చిమ ఆఫ్రికాలో అడవి జిరాఫీలు మిగిలింది నైజర్ దేశంలోనే.

"సరే, లెక్కలు బాగానే వేశావు. ఒకచోట రెండు గంటలు నోరు మూసుకుని కూచోగలవా?"

జవాబు లేదు. అయితే ముందు రిహార్సల్ చేద్దామన్నాను. జనవరిలో పలాస పాసింజరెక్కి నౌపడలో దిగి, తేలినీలాపురం వెళ్ళాం.

టెక్కలి దగ్గర పల్లె అది. గూడబాతులు, అదే పెలికాన్‌లు, ఎర్రకాళ్ళ కొంగలు సెప్టెంబరు మొదలు మార్చి దాకా అక్కడి చెట్ల మీద కాపురం పెడతాయి. సైబీరియా నుంచి వస్తాయని చెప్పుకుంటారు గానీ, ఈ రెండు రకాలూ మన దక్షిణాసియావే. నీళ్ళనీ చేపలనీ వెతుక్కుంటూ తిరుగుతాయి.

మొదటి పావుగంట మావాడికి కొమ్మల మీద తెల్లటి మూటలే కనిపించాయి. "ఏం చెయ్యవేం ఇవి?" అని గట్టిగా చప్పట్లు కొట్టాడు. పక్కింటి ముసలమ్మ బయటికొచ్చింది.

"ఏటి బాబూ ఆ గోల? పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలివి. నెమ్మదిగా సూడండి."

వాడు చెట్టుకింద చతికిలబడ్డాడు. అరగంటకి ఒక గూడబాతు దిగింది. పిల్ల దాని గొంతుసంచీలోకి తల దూర్చి చేప తింది. ఎర్రకాళ్ళ కొంగలు ముక్కులు టకటకలాడించాయి. మావాడు సెల్లు తియ్యటమే మర్చిపోయాడు!

ఆ పుట్టింటికీ కష్టాలొచ్చాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గూళ్ళు కట్టే చెట్లని కూల్చింది. 2021 డిసెంబరులో కడుపులో పురుగులు పడి చాలా గూడబాతులు చచ్చిపోయాయి. అయినా ఆ ఊరు వాటిని పొమ్మనలేదు, అవీ రావటం మానలేదు.

"మరి ఏనుగులు?" అన్నాడు, తిరుగు రైల్లో.

ఏనుగులు మనకీ వున్నాయి. ఒరిస్సా కొండల నుంచి దిగి, ఏళ్ళుగా మన పొలాల్లో తిరుగుతున్నాయి. రైతు రాత్రంతా మేలుకుని పంట కాసుకుంటాడు. మనుషులూ పోయారు, ఏనుగులూ పోయాయి. 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ దగ్గర కరెంటు తగిలి నాలుగు ఏనుగులు ఒకేసారి పడిపోయాయి. వాటిని చూడటానికి టిక్కెట్టు కొన్నవాళ్ళెవరూ లేరు. వాటితో బతకాల్సినవాళ్ళే వున్నారు.

మావాడు చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూచున్నాడు. తర్వాత నోటుబుక్కు తీశాడు. మోలే కొట్టెయ్యలేదు. దాని పైన ఒక లైను రాశాడు: "జూన్ - ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి. నత్తలు తినే కొంగలొస్తాయి." ఇంకాస్త కింద: "మోలే చుట్టూ వున్న ఊళ్ళవాళ్ళు ఏనుగులతో ఎలా బతుకుతున్నారు? అడగాలి."

మీరూ వెళ్ళండి. తేలినీలాపురంలో వాచ్ టవరుంది. బైనాక్యులర్స్ వుంటే తీసుకెళ్ళండి. ఈలలు మాత్రం సినిమా హాలుకే వుంచండి!