రాటిల్‌ స్నేక్‌కి మన చిత్తూరు చుట్టం

అరిజోనా ఎడారిలో తోక ఆడిస్తూ గలగలలాడే రాటిల్‌ స్నేక్ వీడియోను మా అవ్వకు చూపించా. కాసేపు చూసి, "ఇదేం వింత రా? మన చేన్లో ఉండేది ఒళ్లంతా ఆడించి చప్పుడు చేస్తుంది" అనేసింది.

నిజమే. చెన్నై నుంచి తిరుపతిలో దిగి, చంద్రగిరి దాటి భాకరాపేట ఘాట్ ఎక్కితే ఒకపక్క శేషాచలం అడవి, ఆ తర్వాత రాళ్ల గుట్టలు, బీళ్లు, చెనిక్కాయ చేన్లు. చిన్నపింజరికి ఇంతకన్నా మంచి అడ్రస్ ఉండదు. ఇంగ్లిష్‌లో సా స్కేల్డ్ వైపర్. అడుగు నుంచి రెండడుగులే ఉంటుంది. తల మీద పక్షి అడుగు లాంటి గుర్తు. పగలు రాళ్ల కింద, చెనిక్కాయ వాముల కింద పడుకుంటుంది. చీకటి పడ్డాక తేళ్లు, జెర్రులు, కప్పలు, బల్లుల వేట.

రాటిల్‌ స్నేక్ తోకలో ఉండేది మన గోరు లాంటి పదార్థం. కుబుసం విడిచిన ప్రతిసారీ ఒక గుల్ల చేరుతుంది, అవి ఒకదానికొకటి తగిలి మోగుతాయి. మన పింజరికి గిలక లేదు. పక్కల పొలుసులు రంపం పళ్లలా ఉంటాయి. భయపడితే వంకీలు తిరిగి, ఒంటిని ఒంటికి రాస్తుంది. వేడి పెనం మీద నీళ్లు చల్లినట్టు చర్రుమనే చప్పుడు. అమెరికాలో సైడ్‌వైండర్ అనే రాటిల్‌ స్నేక్ ఇసుకలో పక్కకు పాకుతుంది, ఇదీ అంతే. ఒకరి కోడ్ ఒకరు చూడకుండా ఇద్దరు ప్రోగ్రామర్లు ఒకే లాజిక్ రాసినట్టుంది.

తేడా ఒకటుంది. రాటిల్‌ స్నేక్‌కి కంటికీ ముక్కుకీ మధ్య వేడిని పసిగట్టే గుంటలుంటాయి. చిన్నపింజరికి లేవు. తూర్పు కనుమల్లో వెదురు పొదల్లో ఉండే పచ్చటి పిట్ వైపర్‌కి మాత్రం ఉంటాయి. రెండూ పిల్లల్నే కంటాయి, గుడ్లు పెట్టవు.

తొమ్మిదేళ్ల కిందట మా చిన్నాయనను కరిచింది ఈ చిన్నదే. సాయంత్రం చెనిక్కాయ చెట్లు పెరుకుతా చెయ్యి పెట్టాడు. జానెడు పామే కదా అని అందరూ తేలిగ్గా తీసుకున్నారు. తాడుతో బిగించి కట్టారు, ఎవరో ఆకు పసరు పోశారు. రాత్రికి చిగుళ్ల నుంచి రక్తం. అప్పుడు కదిలారు తిరుపతికి. నేను ఇంజనీరింగ్ చదువుతున్నా, నాకు కూడా తెలియలేదు కట్టు కట్టకూడదని. ఇప్పటికీ అదే బాధ.

ఆసుపత్రిలో చేసిన పరీక్ష చాలా సింపుల్. శుభ్రమైన గాజు గొట్టంలో కొంచెం రక్తం తీసి 20 నిమిషాలు కదపకుండా పెడతారు. గడ్డకట్టకపోతే విషం ఎక్కినట్టే. చిన్నాయన రక్తం నీళ్లలా జారింది. ఈ విషం గడ్డకట్టే సరుకునంతా ఒంట్లోనే ఖర్చు చేయించేస్తుంది. తర్వాత ఆపడానికి ఏమీ మిగలదు. యాంటీ వీనం పడింది, బతికాడు. కరిచిన వేలు మాత్రం ఇప్పటికీ వంగదు.

ఆ మందు వెనక కథ నేను ఉద్యోగం చేసే చెన్నై పక్కనే ఉందని తర్వాత తెలిసింది. 1978లో ఇరుళ తెగవాళ్లు పెట్టుకున్న సహకార సంఘం పాముల్ని పట్టి, విషం తీసి, మళ్లీ వదిలేస్తుంది. ఆ విషాన్ని కొంచెం కొంచెంగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తం నుంచి మందు తీస్తారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ అదే మందు. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క. అందులో ఎక్కువమంది పల్లెటూళ్లవాళ్లే.

మొన్న దసరాకు పోయినప్పుడు చిన్నాయనతో చేన్లోకి వెళ్లా. కాళ్లకు బూట్లు, చేతిలో టార్చి, వామిని ముందు కట్టెతో తట్టాడు. లోపలి నుంచి చర్రుమని చప్పుడు. నేను ఫోన్ తీయబోయా.

"రెండడుగులు ఎనక్కి రా అబ్బయా, దాని దోవన దాన్ని పోనీ" అన్నాడు.

ఇద్దరం గట్టు మీద కూర్చున్నాం. అది పక్కకు పాకుతా రాళ్లలోకి పోయేదాకా ఆ రోజు పని మొదలుకాలేదు.