పాత సామాను కిందికే ఎందుకు దిగుతది?

(బొగ్గుబాయి అంచు నుంచి – 17)



పోయిన భాగంల కంపెనీ క్వార్టర్ల గురించి రాసినంక, రిటైరై క్వార్టర్ ఖాళీ చేసేటోళ్ల సామాన్లు ఏమైతయని ఒక ఎం.ఏ. విద్యార్థి అడిగిండు. అది ఒక్క ముక్కల తేలే ప్రశ్న కాదు. అందుకే ఈ భాగం.

నీరు పల్లమెరుగు అంటరు. మన దేశంల పాత సామాను కూడా పల్లమే ఎరుగుతది. పై ఇంట్ల కట్టిన చీర, మిగిలిన అన్నం, కాలు విరిగిన కుర్చీ కింది ఇంటికొస్తే దాని పేరు దయ. కింది ఇంట్ల వాడిన వస్తువు పై ఇంటికి పోతనంటే దాని పేరు మైల. ఫోన్ల యాప్‌లొచ్చినయి. ఫోటో తీసి పెట్టు, రేటు రాయి, ఎవలైనా కొంటరు అన్నయి. మార్కెట్‌కు కులం లేదని చెప్పేటోళ్లు ఇగో చూడుమన్నరు. మేము కూడా అమ్మినం, కొన్నం. పల్లం ఎక్కడున్నదో అక్కడనే ఉన్నది.

మా ఊరి సంగతి కొంచెం చెప్పాలె. గోదావరిఖని పంటల ఊరు కాదు, జీతాల ఊరు. ఒకప్పుడు లక్ష దాటిన సింగరేణి పర్మినెంట్ కార్మికులు ఇయ్యాల నలభై వేలకు అటూ ఇటూ. 61 ఏళ్లు నిండినోళ్లు దిగిపోతున్నరు, క్వార్టర్లు ఖాళీ చేస్తున్నరు. మంచాలు, కూలర్లు, బీరువాలు, ఫ్రిజ్జులు బయటికొస్తున్నయి. ఇగ దసరాకు లాభాల వాటా పడితే ఇంట్లకు కొత్తది వస్తది, పాతది ఫోన్లకెక్కుతది. 2024 దసరాకు వాటా 33 శాతం, మొత్తం 796 కోట్లు. పర్మినెంట్ కార్మికునికి సగటున లక్షా 90 వేలు. అదే బాయి మీద, అదే దుమ్ముల పనిచేసే కాంట్రాక్టు కార్మికునికి ఆ ఏడు మొదటిసారి ఇచ్చింది 5 వేలు. లక్ష్మీనగర్ల కొత్త టీవీ ఎవలు కొంటరు, ఆ ఇంటి పాత టీవీ ఎవల ఇంటికి పోతదనే లెక్క ఈ రెండు అంకెలల్లనే ఉన్నది.

మా బాపు దిగిపోయినప్పుడు మేము కూడా అమ్మకానికి పెట్టినం. ఒక బీరువా, ఒక కూలర్, ఒక డబుల్ డోర్ ఫ్రిజ్జు. ఫ్రిజ్జు నాలుగేళ్లది. బాపు బోనస్ పైసలతోని కొన్నది. బిల్లున్నది, డబ్బా కూడా దాచిపెట్టిండు. నేను ఫోటోలు తీసి 9 వేలని రాసి ఒక యాప్ల పెట్టిన.

ఆడోళ్ల నంబరు ఆన్‌లైన్ల పెడితే ఏమైతదో ఆడపిల్లలకు నేను చెప్పే అవసరం లేదు. రాత్రి పదకొండుకు "హాయ్" అని ఒకడు. "మీ సారుకు ఫోన్ ఇవ్వండి" అని ఇంకొకడు. "ఫైనల్ ఎంత?" అని అడిగి మాయమయ్యేటోళ్లకు లెక్కలేదు. ఇవన్నీ అందరికీ ఉన్న తిప్పలే, వాటి మీద పేజీలు నింప.

మూడోరోజు ఒకాయన ఫోన్ చేసిండు. మర్యాదగ మాట్లాడిండు. నేను కాలేజీల చెప్తనంటే "మేడం" అన్నడు. 8,500కు ఒప్పుకున్నడు. ఆదివారం పొద్దున భార్యాభర్తలిద్దరూ వచ్చిన్రు. ఆయన లోపలికొచ్చి ఫ్రిజ్జు తలుపు తీసిండు, లైటు చూసిండు, బిల్లు చూసిండు. ఆమె గడప దగ్గరనే నిలబడ్డది. ఆమె కండ్లు ఫ్రిజ్జు మీద లేవు. గోడమీది బాబాసాహెబ్ ఫోటో మీద ఉన్నయి.

"ఇందులో నాన్‌వెజ్ పెట్టేవారా మేడం?"

"పెడుతం. అందరి తీరుగనే."

"అంటే... అన్నీ తింటారా?"

ఈ "అన్నీ" అనే మాటకు అర్థం చెప్పడానికి డాక్టరేట్ అక్కర్లేదు. పెద్దకూర తింటరా అని ఆమె ప్రశ్న. మా అవ్వ లోపలినుంచి గ్లాసుల నీళ్లు తెచ్చింది. ఎవలూ తాగలే. "కడిగినా వాసన పోదు కదండీ" అన్నదామె, భర్తతోని అన్నట్టుగ, మాకు వినిపించేటట్టుగ. ఫ్రిజ్జుల వాసనేం లేదు. వారం కిందనే ఖాళీ చేసి, నిమ్మకాయ ఉప్పుతోని తుడిచి, తలుపు తెరిచిపెట్టినం.

సాయంత్రం మెసేజ్ వచ్చింది: ఇంట్లో వాళ్లకు నచ్చలేదండీ.

ముచ్చట ఇక్కడికే అయిపోతే నేను ఈ భాగం రాయకపోదును. మనకు ఇది కొత్తదా? నాలుగు రోజుల తర్వాత ఆయననే మళ్లా ఫోన్ చేసిండు. "3 వేలకు ఇస్తారా మేడం? మాకు కాదు. మా పనామెకు ఇద్దామని."

మళ్లొకసారి చదువుండ్రి. అదే ఫ్రిజ్జు, అదే వాసన. తన వంటింటికి పనికిరానిది పనామె ఇంటికి పనికొస్తది. అంతేకాదు, పనామె ఇంటికి పోతున్నదంటే రేటు మూడో వంతుకు పడిపోతది. ఇంకా తమాషా ఏందంటే, మా దగ్గర 3 వేలకు కొని ఆమెకు ఇస్తే ఆ దయ ఖాతా ఆయనది. వస్తువు మా ఇంటినుంచి ఆమె ఇంటికి పోతది, పుణ్యం మాత్రం మధ్యల ఆయన ఇంట్ల ఆగుతది.

స్పీకర్ల విన్న బాపు ఒక్కటే అన్నడు: "రేటు తగ్గియ్యకు బిడ్డా. అది బోనస్‌తోని కొన్నది. బిచ్చం తెచ్చింది కాదు."

నేను పాఠం చెప్పేదాన్ని గనుక మాటల కాడికి పోత. వాడిన వస్తువుకు ఇంగ్లిష్‌ల ఒక పొడి పేరున్నది, సెకండ్ హ్యాండ్. మన భాషల? నోరు తగిలితే ఎంగిలి. మనిషి తగిలితే అంటు. పుట్టినా చచ్చినా మైల. ఇవి వస్తువు ఎంత అరిగిందో చెప్పే మాటలు కావు. ఇదివరకు ఎవల ఒళ్లు తగిలిందో చెప్పే మాటలు. పాత ఆచారంల దీనికి రేటు పట్టిక కూడా ఉన్నది. మట్టికుండ అంటుపడితే పగలగొట్టాలె. రాగి బిందె అయితే చింతపండుతోని తోమితే చాలు. అంటే పైసలెక్కువైన వస్తువుకు శుద్ధి సులువు. మరి ఫ్రిజ్జు మట్టికుండనా, రాగి బిందెనా? శాస్త్రం రాసినోళ్లకు కంప్రెషర్ తెలువదు. అందుకే ఆమె సొంతంగ తీర్పు చెప్పుకోవాల్సి వచ్చింది.

కిందికి దిగే తొవ్వ మాత్రం శాస్త్రంల స్పష్టంగనే ఉన్నది. మనుస్మృతి పదో అధ్యాయం చండాలురకు శవాల మీది బట్టలు, పగిలిన పాత్రల తిండి, ఇనుప నగలు అని రాసింది. అదే అధ్యాయం శూద్ర సేవకునికి ఎంగిలి అన్నం, పాతబట్టలు ఇయ్యమన్నది. మా అవ్వ మనువును చదువలే. కానీ చిన్నప్పుడు ఊళ్లె దసరాకు దొరసాని పాత చీర కోసం వాళ్ల అమ్మ గడీ వెనుక తలుపు దగ్గర నిలబడ్డది ఆమెకు యాదికున్నది. పాతది తీసుకొనుడు పేదరికం కాదు, అది మన మీద పెట్టిన విధి. 1927 డిసెంబర్ 25న మహద్‌ల బాబాసాహెబ్ నాయకత్వంల ఆ పుస్తకాన్ని కాలబెట్టిన్రు. ఆ సభ రోజులల్లనే ఆయన ఆడోళ్లతోని మాట్లాడి, కులాన్ని గుర్తుపట్టించే కట్టు, నగలు వదిలేయమన్నడు, శుభ్రమైన బట్ట కట్టమన్నడు. మనోళ్లు బోనస్ రాంగనే కొత్త ఫ్రిజ్జు ఎందుకు కొంటరని, అప్పుచేసైనా కొత్త బండి ఎందుకు తీస్తరని వెక్కిరించేటోళ్లు ఈ చరిత్ర చదవాలె. మొదటి చెయ్యి మనదైన వస్తువు కోసం మనం వేల ఏండ్లు ఆగినం.

ఇప్పుడు తిరగేసి చూద్దాం. అదే ఏడు నేను పుస్తకాల కోసం ఒక టేకు అల్మారా కొన్న. పేరున్న కాలనీల, పెద్ద ఇల్లు. 6 వేలు చెప్పిన్రు, నేను బేరమాడకుండ ఇచ్చిన. అక్కడ ఎవలూ నన్ను ఏం తింటవని అడగలే. నా పైసలు ఎక్కడ పెట్టి తెచ్చిన్నో అడగలే. ట్రాలీ ఆటోల ఎక్కించేటప్పుడు ఆ ఇంటి పెద్దామె పూర్తి పేరడిగింది, బాపు ఏం పనిచేసేదో, సొంతూరేదో అడిగింది. నాలుగో ప్రశ్నకు ఆమెకు కావాల్సిన జవాబు దొరికింది. లోపలికిపోయి ఒక సంచి తెచ్చింది. పాత కర్టెన్లు, పిల్లల పాతబట్టలు. "మీవాళ్లలో ఎవరికైనా పనికొస్తాయమ్మా, తీసుకెళ్లు." అంతదాకా "మేడం, మీరు" అన్న నోరే. ఆమెకు చెడ్డ బుద్ధి లేదు, నిజంగనే ప్రేమగ ఇస్తున్నది. వద్దమ్మా అని చేతులు జోడించి వచ్చిన. కొనేటందుకు పోయినదాన్ని గేటు దాటేలోపల తీసుకొనేదాన్ని చేసిన్రు. 6 వేలు లెక్కపెట్టి ఇచ్చినా నేను గిరాకీని కాలేకపోయిన.

ఇదంతా నీ ఒక్కదాని అనుభవమే కదా అని కామెంట్లల్ల ఎవలో ఒకరు అంటరు. వాళ్ల కోసం రెండు పరిశోధనలు. 2007ల ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీల సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టివెల్ ఒక వ్యాసం రాసిన్రు. ఇంగ్లిష్ పేపర్లల్ల వచ్చిన ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలతోని దరఖాస్తులు పంపిన్రు. తేడా పేరుల మాత్రమే. దళిత పేరున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువొచ్చినయి. రెండోది అమెరికా ముచ్చట, మన విషయానికి ఇంకా దగ్గర. జెన్నిఫర్ డొలియాక్, లూక్ స్టెయిన్ ఆన్‌లైన్ క్లాసిఫైడ్స్‌ల ఐపాడ్‌లు అమ్మకానికి పెట్టిన్రు. ఫోటోల ఐపాడ్ పట్టుకున్న చెయ్యి మార్చుకుంట పోయిన్రు. ఒకదాంట్ల నల్ల చెయ్యి, ఒకదాంట్ల తెల్ల చెయ్యి, ఒకదాంట్ల పచ్చబొట్టున్న తెల్ల చెయ్యి. తెల్ల చేతితోని పోలిస్తే నల్ల చేతికి 13 శాతం తక్కువ జవాబులు, 17 శాతం తక్కువ బేరాలు వచ్చినయి. 2013ల అచ్చయిన పరిశోధన. అక్కడ చెయ్యి రంగు చూసిన్రు. ఇక్కడ ఇంటిపేరు, బస్తీ పేరు, గోడమీది ఫోటో చూస్తరు.

నమ్మకం ఎవలకు పుట్టుకతోని వస్తదో చూడాలంటే మోసగాళ్లను అడగాలె. ఈ యాప్‌లల్ల బాగా నడిచిన మోసం ఏంది? నేను మిలిటరీల ఉన్న, బదిలీ అయింది, సామాను మా మనిషి వచ్చి తీసుకుంటడు, అడ్వాన్స్ ముందే పంపుత అని ఫోన్ వస్తది. యూనిఫారం ఫోటో, ఐడీ కార్డు ఫోటో పంపుతడు. నమ్మించేటందుకు ముందు ఐదో పదో వేస్తడు. తర్వాత ఒక క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేసి పిన్ కొట్టు, పైసలొస్తయంటడు. కొడితే మన ఖాతా ఖాళీ. విద్యార్థులు ఇంట్ల పెద్దోళ్లకు ఈ ఒక్క ముక్క చెప్పుండ్రి: పైసలు రావడానికి పిన్ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు. పిన్ కొట్టినమంటే పైసలు పోతున్నయనే అర్థం. మోసం జరిగితే ఆగకుండ 1930కు ఫోన్ చేయాలె. ఎంత తొందరగ చేస్తే అంత దొరికే అవకాశం. ఇక నా మాట ఏందంటే, ఎన్నడూ చూడని మనిషి యూనిఫారం ఫోటోకు దొరికిన నమ్మకం, బిల్లు చేతుల పెట్టి ఎదురుంగ నిలబడ్డ మా బాపుకు దొరకలే.

చట్టం లేదా అంటే ఉన్నది. 1955ల అంటరానితనం నేరాల చట్టంగ వచ్చి 1976ల పేరు మారిన పౌరహక్కుల రక్షణ చట్టం, ఆరో సెక్షన్ల, అంటరానితనం పేరుతోని సరుకు అమ్మనంటే నేరమన్నది. వ్యాపారం చేయనని వెలివేస్తే అది కూడా ఆ చట్టంల ఉన్నది. 2015 సవరణతోని ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంల సామాజిక, ఆర్థిక బహిష్కరణ నేరమని స్పష్టంగ రాసిన్రు. కానీ "నచ్చలేదండీ" అనే మాటను ఏ ఎఫ్ఐఆర్ల రాస్తరు? కొనకపోవుడు కొనేటోని ఇష్టం. ఇష్టం వెనుక దాక్కున్న కులాన్ని పట్టుకొచ్చే సెక్షన్ ఇంకా రాలే. అందుకే దీన్ని రాసి, మాట్లాడి, పేరుపెట్టి పిలువాల్సిన పని మనది.

ఫ్రిజ్జు ఎవలు కొన్నరని అడుగుతరు గదా. ఓపెన్ కాస్టుల కాంట్రాక్టు పనిచేసే ఒక తమ్ముడు. అతను ఇంట్ల ఎవలున్నరో చూడలే. ప్లగ్ పెట్టించి అరగంట కూసున్నడు. వెనుక చెయ్యిపెట్టి వేడి చూసిండు, తలుపు రబ్బరు ఒత్తి చూసిండు, గ్యాస్ ఎప్పుడన్నా నింపించిన్రా అని అడిగిండు. అవ్వ ఇచ్చిన చాయ తాగిండు. 8,500 రెండు నెలలల్ల ఇచ్చిండు. వస్తువు గురించి అడిగే హక్కు కొనేటోనికి ఎప్పుడూ ఉన్నది. అతను అడిగినవన్నీ వస్తువు గురించే.

కానీ మిత్రులారా, దీన్ని చూసి ఇగ మనోళ్లం మనోళ్లకే అమ్ముకుందాం అనే మాటకు నేను ఒప్పుకోను. అది వాడలోపల ఇంకో వాడ కట్టుకొనుడే. మనోళ్ల చేతిల పైసలు తక్కువ గనుక మనోళ్లకే అమ్మితే మన వస్తువుకు ఎప్పుడూ తక్కువ రేటే. పేరు దాచి, ఫోటో దించి అమ్ముకొమ్మని కూడా చెప్ప. అట్ల దించిన ఇండ్లు నాకు తెలుసు, వాళ్లను తప్పుపట్ట, బతుకు తిప్పలు వాళ్లయి. నేను చెప్పేది చిన్నది. రేటు వస్తువును చూసి కట్టుండ్రి, బిల్లు పెట్టుండ్రి. వస్తువు గురించి అడిగితే విసుగులేకుండ చెప్పుండ్రి. మీ గురించి అడిగితే "ఇది ఫ్రిజ్జుకు సంబంధించిన ప్రశ్ననా?" అని మర్యాదగ ఒక్కమాట అడుగుండ్రి. ఆ ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబుండదు. ఆ తడబాటు చూసుడు కూడా ఒక చదువే.

మీకు ఇట్లాంటి బేరం ఎదురైతే కామెంట్ల రాయండ్రి. వస్తువు ఏంది, చెప్పిన రేటెంత, మీ పేరు తెలిసినంక అడిగిన రేటెంత, ఈ మూడు చాలు. పది మంది రాస్తే అది బాధ, వెయ్యి మంది రాస్తే అది లెక్క. లెక్కకు జవాబు చెప్పక తప్పదు.

వచ్చే భాగం కిరాయి ఇండ్ల ప్రకటనల మీద. "ఓన్లీ వెజిటేరియన్స్" అనే రెండు మాటల వెనుక ఎన్ని ఇంటిపేర్లున్నయో చూద్దాం.

జై భీమ్.