రెండు ఇబ్రహీంపట్నాలు, ఒక మొగ

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో పెద్దచెరువు కట్ట మీద నిలబడితే సముద్రం తలపుకైనా రాదు. కుతుబ్‌షాహీల నాటి చెరువిది. ఈసీ నది నీటిని దీని దాకా తేవడానికి నిజాం కాలంలో ఫిరంగి కాలువ తవ్వారు. ఆ కాలువ పూడింది, ఆక్రమణల పాలైంది. చెరువు ఏళ్లకేళ్లు ఎండింది. వాన ముఖం చాటేయడం ఒక్కటే కాదు, నీటి దారి మూసుకుపోవడమూ దానికి కారణమే.

ఆ ఈసీ వెంటే నడుద్దాం. హిమాయత్‌సాగర్ దాటి, బాపూఘాట్ దగ్గర అది మూసీలో కలుస్తుంది. హైదరాబాద్ మురుగును మోసుకుంటూ మూసీ నల్లగొండ నేలలు దాటి, వాడపల్లి దగ్గర కృష్ణను చేరుతుంది. పులిచింతల దాటాక, విజయవాడకు ముందు, కృష్ణ ఒడ్డున మరో ఇబ్రహీంపట్నం కనిపిస్తుంది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు వచ్చి కృష్ణలో కలిసేది అక్కడే. ఆ తర్వాత ప్రకాశం బ్యారేజీ. నీరు డెల్టా కాలువల్లోకి మళ్లిపోతే, వరద రోజుల్లో తప్ప, నది సముద్రంలో కలిసే మొగకు దక్కేది తక్కువే.

పులిగడ్డ దగ్గర చీలిన పాయలు దివిసీమను చుట్టి సముద్రం వైపు సాగుతాయి. నది తీపీ కడలి ఉప్పూ కలిసే ఆ బురదలోనే మడ అడవి పెరుగుతుంది: తెల్లమడ, నల్లమడ, తిల్ల, పొన్న. ఆ వేళ్ల నడుమ రొయ్యపిల్లలు, చేపపిల్లలు ఎదుగుతాయి. బావురుపిల్లి వేటకు తిరుగుతుంది. తీరపు ఇసుకలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. 1977 నవంబర్ 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసింది. సముద్రానికీ ఊరికీ మధ్య అడవి ఎందుకుండాలో ఈ సీమకు వేరే చెప్పాలా? 1989లో ప్రభుత్వం ఇక్కడ కృష్ణా వన్యప్రాణి అభయారణ్యాన్ని ప్రకటించింది.

అయితే హద్దులు గీసినంత మాత్రాన అడవి తిరిగి రాదు. మడ నరికిన చోట నేల కుంగుతుంది. పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోలేక నిలుస్తుంది, ఎండకు ఆవిరై ఉప్పు మిగులుస్తుంది. ఆ ఉప్పులో విత్తు బతకదు. అందుకే అటవీశాఖ, ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, తీర గ్రామాల వాళ్లు కలిసి చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వారు. నడుమ పెద్ద కాలువ, దానికి ఇరువైపులా పిల్లకాలువలు. పోటూపాటూ రోజూ ఉప్పును కడిగేస్తుంటే మొక్క నిలుస్తుంది. 2023లో కేంద్రం ప్రకటించిన మిష్టి పథకం లక్ష్యమూ మడ అడవుల పెంపకమే.

మొక్కలు నాటడం మంచిపనే. కానీ మొగకు కావలసింది మొదట నీళ్లు. పైనుంచి మంచినీరు దిగాలి, కిందినుంచి పోటు లోపలికి రావాలి. చేపముల్లు కాలువల్లోనూ ఒండ్రు చేరుతుంది. ఏటేటా పూడిక తీసేవాళ్లు లేకపోతే, అవీ ఒకనాటికి ఇబ్రహీంపట్నం ఫిరంగి కాలువలాగే మిగులుతాయి.