ఆదివారం గుడ్డు, కార్గిల్ డబ్బా
(హాస్టల్ రోజులు – 9)

2025 మే రెండో వారం. కాలేజీలో సెమిస్టర్ పరీక్షలు జరుగుతున్నాయి. ఇన్విజిలేషన్ ముగించుకుని స్టాఫ్ రూమ్‌కి వస్తుంటే మా హాస్టల్ అమ్మాయిలు నలుగురు వరండాలో నిలబడి ఉన్నారు. ఒకమ్మాయి చేతిలో ఒక కాగితం. పైన ప్రింటు చేసి ఉంది: "వీర జవాన్ల సహాయార్థం మా ఒక రోజు మెస్ ఛార్జీని స్వచ్ఛందంగా ఇస్తున్నాము." కింద వరుస నంబర్లు, పేరు, గ్రూపు, సంతకం గడులు. సాయంత్రంలోపు నింపి ఇమ్మన్నారట.

"సంతకం పెట్టాలా మేడం?"

"మీకేమనిపిస్తోంది?"

"ఇవ్వాలనే ఉంది మేడం. కానీ మమ్మల్ని ఎవరూ అడగలేదు."

ఆ అమ్మాయికి తెలియదు గానీ ఆ మాట నేను 26 ఏళ్ళ కింద మా అమ్మ నోట విన్నాను. ఈ వారం అదే రాస్తాను.

1999 మే నుంచి జూలై దాకా కార్గిల్ యుద్ధం. నేను ఏడో తరగతి. మాది ఎస్సీ ఆడపిల్లల గురుకులం. ఊరి పేరు, బడి పేరు రాయను. వేసవి సెలవుల్లో మా పల్లెలో టీ కొట్టు రేడియో చుట్టూ మగవాళ్ళంతా మూగేవాళ్ళు. వినపడే మాటలు రెండే, కార్గిల్, క్రికెట్. అదే సమయంలో ఇంగ్లండులో ప్రపంచ కప్పు జరుగుతోంది. జూన్ 8న మాంచెస్టర్‌లో ఇండియా పాకిస్తాన్ మీద 47 పరుగుల తేడాతో గెలిచింది. ఆ రాత్రి మా బాబాయి వాళ్ళు టపాసులు కాల్చారు. "యుద్ధంలో గెలిచారా, ఆటలో గెలిచారా?" అని మా నాయనమ్మ అడిగింది. ఎవరూ ఆమెకి సరిగ్గా చెప్పలేదు.

బడి తెరిచాక సాయంత్రం వార్తల టైముకి మమ్మల్ని టీవీ ముందు కూర్చోబెట్టేవాళ్ళు. జెండా కప్పిన శవపేటికలు, వాటి మీద పడి ఏడ్చే తల్లులు. మేమూ ఏడ్చేవాళ్ళం. క్రాఫ్ట్ పీరియడులో ఊలు దారంతో రాఖీలు చేయించారు, జవాన్లకు పంపడానికి. మా పల్లెలో రాఖీ కట్టే అలవాటు లేదు. అయినా నేను ఎంతో శ్రద్ధగా ఎర్ర ఊలు, పచ్చ ఊలు కలిపి రెండు రాఖీలు చేశాను. "జవాను అన్నయ్యకు" అని ఉత్తరం కూడా రాశాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

జూలైలో ఒకరోజు అసెంబ్లీలో ప్రిన్సిపాల్ మేడం చెప్పారు. "మీరు తినే ప్రతి మెతుకూ ప్రభుత్వం పెట్టేది. ఆ ఋణం తీర్చుకునే అవకాశం మీకిప్పుడు వచ్చింది. ఈ నెల ఆదివారాలు గుడ్డు మానేసి ఆ డబ్బు కార్గిల్ నిధికి పంపిస్తున్నాం." చప్పట్లు కొట్టమన్నారు. 400 మందికి పైగా ఆడపిల్లలం చప్పట్లు కొట్టాం. నేను గట్టిగానే కొట్టాను.

హాస్టల్లో చదివినవాళ్ళకు ఆదివారం గుడ్డు గురించి చెప్పక్కర్లేదు. చదవనివాళ్ళ కోసం రాస్తున్నాను. వారమంతా నీళ్ళ పప్పు, నీళ్ళ సాంబారు. ఆదివారం ఒక్క గుడ్డు. దాన్ని పళ్ళెం అంచున పెట్టుకుని, అన్నమంతా అయ్యాక చివరి ముద్దలో కలుపుకునేవాళ్ళం. లెక్కలు చేసిపెట్టినందుకు సగం గుడ్డు, బట్టలు ఉతికిపెట్టినందుకు సగం గుడ్డు. మా దగ్గర డబ్బుండేది కాదు. గుడ్డే మా డబ్బు.

ఆ రోజు చప్పట్లు కొట్టనిది ఒక్క మా కబడ్డీ కెప్టెన్ అక్కే. పదో తరగతి. వాళ్ళన్న మిలిటరీలో ఉన్నాడు. ఎక్కడున్నాడో ఇంట్లో తెలియదు, రెండు నెలలుగా జాబు లేదు. "నా గుడ్డు మా అన్నకి పోద్దంటే నెలేంది, ఏడాదంతా మానేస్తా. పోద్దో లేదో ఎవురు చెప్తారే?" అంది రాత్రి డార్మిటరీలో. నాకు కోపం వచ్చింది. ఈ అక్కకి దేశభక్తి లేదనుకున్నాను.

రెండో ఆదివారం అమ్మ చూడ్డానికి వచ్చింది. మధ్యాహ్నం నా పళ్ళెం చూసి అడిగింది.

"ఇయ్యాల గుడ్డు పెట్టలా?"

నేను గొప్పగా చెప్పాను, కార్గిల్ గురించి, నిధి గురించి.

"మంచిదే. మిమ్మల్ని అడిగారా?"

"దేశం కోసం అమ్మా."

"దేశం కోసమేలే. మిమ్మల్ని అడిగారా అంట."

నేను మాట్లాడలేదు. అప్పుడు అమ్మ చెప్పింది. అంతకు ముందు ఏడు మిరపకోతలప్పుడు ఆసామి గుడికి రంగులెయ్యాలని కూలోళ్ళందరి దగ్గరా తలా ఐదు రూపాయలు కూలిలోనే పట్టుకున్నాడట. "గుడికిచ్చాం గదా అని పండగనాడు మమ్మల్ని లోపలికి రానిచ్చాడా? చందా ఇచ్చినోళ్ళ పేర్లు బండ మీద చెక్కిచ్చారు. దాంటో ఆయన పేరే ఉంది. మా ఐదు రూపాయలన్నీ కలిపి ఆయన ఇచ్చినట్టు రాయిచ్చుకున్నాడు." అంతే చెప్పింది. నా జడ దువ్వి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయింది.

ఈ మాట నేను కెప్టెన్ అక్కకి చెప్పాను. అక్క మా గేమ్స్ మేడంకి చెప్పింది. ఆ మేడం కాంట్రాక్టు మీద పనిచేసేది. ప్రిన్సిపాల్ ముందు నిలబడి ఆమె ఏం మాట్లాడిందో మాకు తెలియదు. బయటికొచ్చాక మాతో మాత్రం ఇలా అంది. "గుడ్డు మీ మెనూలో ఉంది. అది ఎవరి దయా కాదు. మీకు ఇవ్వాలని ఉంటే సంపాదించి ఇద్దాం. మ్యాచ్ పెడదాం."

టౌన్లో ఒక ప్రైవేటు స్కూలు ఉండేది. వాళ్ళ ఆడపిల్లల టీముకీ మా టీముకీ ఆగస్టు 15 మధ్యాహ్నం వాళ్ళ గ్రౌండులో కబడ్డీ. టిక్కెట్టు రూపాయి. నెల రోజులు మా వాళ్ళు చీకటితోనే లేచారు. మా ఆవరణలో రాళ్ళు ఏరి, ఇసుక పోసి, సున్నంతో గీతలు గీశాం. బూట్లు లేవు. మోచేతులు కొట్టుకుపోతే పసుపు అద్దుకుని మళ్ళీ ఆడేవాళ్ళు. నేను టీములో లేను. నా పని డబ్బా పట్టుకోవడం. ఖాళీ డాల్డా డబ్బాకి మూత మీద గంటు పెట్టి, తెల్లకాగితం అంటించి "కార్గిల్" అని రాశాను.

ఆ రోజు వాళ్ళకి జెర్సీలు, కాన్వాస్ బూట్లు. మా వాళ్ళవి పంజాబీ డ్రెస్సు ప్యాంట్లు, పైన యూనిఫాం చొక్కాలు. ఒకాయన డబ్బాలో రూపాయి వేస్తూ పక్కాయనతో అన్నాడు, "పాపం, వీళ్ళే గవర్నమెంటు తిండి తింటన్నారు. వీళ్ళు ఇచ్చేదేంది?" నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. వెనక నుంచి కెప్టెన్ అక్క గొంతు వినపడింది. "ఊరికే ఇవ్వమనట్లా అన్నా. ఆట చూడు. బాగుంటేనే ఇంకో రూపాయెయ్యి."

రెండు హాఫ్‌లు, పదిహేనేసి నిమిషాలు. కబడ్డీ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ముట్టుకుంటేనే పాయింటు వచ్చే ఆట అది. ఆ ఊళ్ళో మమ్మల్ని ముట్టుకోని ఇళ్ళ పిల్లలు ఆ ముప్ఫై నిమిషాలు మా అక్కల నడుములు పట్టుకుని, కాళ్ళు పట్టుకుని గుంజారు. మా అక్కలు వాళ్ళని గీత దాకా ఈడ్చుకొచ్చారు. 27–24, మేమే గెలిచాం. ఇంకో రూపాయి వెయ్యమన్న ఆయన వేశాడో లేదో నేను చూడలేదు, అరుపుల్లో ఉన్నాను.

రాత్రి డబ్బా పగలగొట్టి లెక్కపెట్టాం. 643 రూపాయల 50 పైసలు. ఒక చిరిగిన రెండు రూపాయల నోటు బ్యాంకు తీసుకోలేదు. గేమ్స్ మేడం డీడీ తీయించింది. దానితోపాటు మా అందరి పేర్లు, తరగతులు రాసిన ఆరు కాగితాలు పంపించాం. పేర్లు మా చేత్తోనే రాశాం. డిసెంబర్లో రసీదు వచ్చింది. మేడం దాన్ని నోటీసు బోర్డు మీద అంటించింది. గుడ్ల డబ్బుకి రసీదు మాత్రం నేనెప్పుడూ చూడలేదు. నెల అన్న గుడ్డు దసరా సెలవుల తర్వాతే మళ్ళీ పళ్ళెంలోకి వచ్చింది. మరుసటి జూన్‌లో గేమ్స్ మేడం లేదు. కాంట్రాక్టు పొడిగించలేదన్నారు.

కెప్టెన్ అక్క వాళ్ళన్న జాబు సెప్టెంబరులో వచ్చింది. బతికే ఉన్నాడు. కార్గిల్‌లో మన సైనికులు 527 మంది చనిపోయారు. వాళ్ళ చెల్లెళ్ళకు అలాంటి జాబు రాలేదు. అందుకే ఆనాటి మా ఏడుపుని గానీ, రాఖీలని గానీ నేనిప్పుడు వెక్కిరించను.

చాలా ఏళ్ళ తర్వాత, పీహెచ్‌డీ రోజుల్లో లైబ్రరీలో వేరే పని మీద పుస్తకాలు తిరగేస్తూ ఒక సంగతి చదివాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండులో గాయపడిన సైనికుల కోసం దేశమంతా గుడ్లు సేకరించారు. బడిపిల్లలు గుడ్డు పెంకు మీద తమ పేరు, ఊరు, ఒక మంచి మాట రాసి పంపేవాళ్ళు. ఆసుపత్రిలో ఆ గుడ్డు తిన్న సైనికుల్లో కొందరు ఆ పిల్లలకు జవాబు రాశారు. నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూర్చున్నాను. మా గుడ్లూ యుద్ధానికే వెళ్ళాయి. కానీ వాటి మీద ఎవరి పేరూ లేదు. ఇచ్చింది మేమని ఏ జవానుకీ తెలియదు. అమ్మ చెప్పిన బండ గుర్తొచ్చింది.

విద్యార్థి మిత్రులు ఇక్కడ బాబాసాహెబ్‌ని గుర్తు చేసుకోవాలి. ఆయన తండ్రి రాంజీ సక్పాల్ సుబేదార్. తరాల తరబడి సైన్యంలో పనిచేసిన మహర్లకు 1890ల్లో బ్రిటిష్ సర్కారు తలుపులు మూసేసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో మనుషులు అవసరమై 1917లో 111వ మహర్ దళాన్ని పెట్టింది. అవసరం తీరాక 1921లో రద్దు చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1941లో, మళ్ళీ మహర్ రెజిమెంట్ వచ్చింది. మనవాళ్ళ నెత్తురు తీసుకుని మనల్ని మరిచిపోవడం ఎలా ఉంటుందో అంబేడ్కర్‌కి ఇంట్లోనే తెలుసు. అందుకే యుద్ధం మధ్యలోనే, 1942 అక్టోబరులో, వైస్రాయికి వినతిపత్రం ఇచ్చి అస్పృశ్యుల చదువుకి డబ్బు కేటాయించాలని అడిగారు. యుద్ధం అయ్యాక చూద్దాం అని ఊరుకోలేదు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది, యుద్ధం ఇంకా నడుస్తుండగానే. మీలో చాలామంది మెస్ ఛార్జీ ఈరోజు కట్టేది ఆ స్కాలర్‌షిప్పే. యుద్ధకాలంలో పోరాడి తెచ్చిన హక్కుని ఇంకో యుద్ధం పేరు చెప్పి ఋణం అంటే ఒప్పుకోకూడదు.

మళ్ళీ ఈ మే నెల దగ్గరికి వస్తాను. సరిహద్దులో కాల్పుల్లో చనిపోయిన మన తెలుగు యువకుడు మురళీ నాయక్ శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలంలోని కల్లి తండా పిల్లవాడు. అగ్నివీర్. అగ్నివీర్ అంటే నాలుగేళ్ళ ఉద్యోగం. ఆ తర్వాత నూటికి పాతిక మందికి మించి ఉంచుకోరు, మిగతావాళ్ళు పెన్షన్ లేకుండా ఇంటికి రావాలి. జవాన్ల మీద నిజంగా ప్రేమ ఉన్నవాళ్ళు ముందు ఈ లెక్క గురించి మాట్లాడాలి. తండాల నుంచి, పల్లెల నుంచి పిల్లలు సరిహద్దుకి వెళ్తున్నారు. వాళ్ళ చెల్లెళ్ళు మా హాస్టల్లో ఉన్నారు. త్యాగం చెయ్యమని పాఠం చెప్పించుకోవాల్సిన ఇళ్ళు కావు వాళ్ళవి.

వరండాలో ఆ నలుగురికీ నేను చెప్పింది ఇది. ఇవ్వాలనుంటే ఇవ్వండి, మంచి పని. వద్దనుకుంటే మానేయండి, మీరు దేశద్రోహులైపోరు. "స్వచ్ఛందంగా" అనే మాట ఎవరో ప్రింటు చేసి ఇస్తే అది స్వచ్ఛందం కాదు, ఆ మాట మీరు రాసుకోవాలి. డబ్బు ఏ నిధికి వెళ్తుందో అడగండి. రసీదు అడగండి. అన్నం మానేసి మాత్రం ఇవ్వొద్దు.

వాళ్ళు వెళ్ళి వార్డెన్‌ని ఆ రెండే అడిగారట, ఏ నిధి, రసీదు ఎప్పుడు అని. కనుక్కుని చెప్తానన్నారట. ఆ కాగితం మళ్ళీ రాలేదు. పరీక్షలయ్యాక మా వాలీబాల్ అమ్మాయిలు వేరే కాగితం పట్టుకొచ్చారు. కాలేజీ తెరవగానే మ్యాచ్ పెడతారట, టిక్కెట్టు పది రూపాయలు. వచ్చిన డబ్బు ఎక్కడికి పంపాలో హాస్టల్ మీటింగులో చేతులెత్తి తేల్చుకుంటారట. డబ్బా పట్టుకోవడానికి ఎవరూ దొరకలేదని అడిగారు. నేను వస్తానన్నాను.

మీ హాస్టల్లో ఇలా మిమ్మల్ని అడక్కుండా మీ పేరుతో ఇచ్చేసినవి ఏమైనా ఉంటే రాయండి. అవన్నీ ఒకచోట చేర్చుదాం.

జై భీమ్.