బ్యాటరీలో పోసిన బోరునీళ్లు

మా సంఘమునకు ఒక పాత జీపు కలదు. చుట్టుప్రక్కల ఐదు గ్రామముల విశ్వాసులు శనక్కాయలు అమ్ముకొనిన కాలమందు తలకొంత వేసికొని దానిని కొనిరి. రోగులకు, బాలింతలకు, దూరపు ఆరాధనలకు ఉపయోగపడవలెనని వారి కోరిక. తాళము నాయొద్ద నుంచిరి. మోటారు బండి సంగతి భక్తిపత్రికలో నెందుకని చదువరులు విసుగుకొనవలదు. ఆ తాళమును గూర్చి నేను లెక్క చెప్పవలసియున్నది.

అనంతపురము సీమలో సంవత్సరమునకు కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఇచ్చట చెట్టుకైనను, పశువునకైనను, బాటసారికైనను నీళ్లు పోసినవాడు తప్పు చేసెనని ఎవరును అనరు. 2016వ సంవత్సరము మార్చి నెలలో జీపు బానెట్టు ఎత్తి చూడగా బ్యాటరీలో నీళ్లు తగ్గి, లోపలి పలకలు పైకి కనబడుచుండెను. డిస్టిల్డ్ వాటరు కావలెనన్న కళ్యాణదుర్గము పోవలెను. ఎండ మండుచుండెను. ఇంటిముందరి బోరునీళ్లు చెంబుతో తెచ్చి ఆరు గదులలోను పోసి మూతలు బిగించితిని. మనము త్రాగు నీళ్లు అది త్రాగదా అనుకొంటిని. మరునాడు బండి చక్కగా స్టార్టు అయ్యెను. నన్ను మోసపుచ్చినది అదియే.

మే నెలలో ఒక రాత్రి పండ్రెండు దాటిన పిమ్మట తలుపు తట్టిరి. మా గుడి గంట కొట్టు పెద్దాయన కుమారుడు వాకిట నిలిచియుండెను. "అయ్యగారూ, నాయనకు మాట పడిపోయినాది, కుడిచెయ్యి లేస్తాలేదు, బండి తీయండి" అని ఏడ్చెను. అంబులెన్సుకు ఫోను చేయగా, అది మరియొక రోగితో దూరము పోయియున్నదనిరి. నేను తాళము త్రిప్పితిని. టక్కుమని ఒక్క శబ్దము వచ్చెను, అంతే. మరల త్రిప్పగా అదియు లేదు.

పదిమంది చేరి త్రోసిరి. మా వీధి ఇసుకలో చక్రములు దిగబడెనే గాని ఇంజను మేలుకొనలేదు. ఆ నెలలోనే బుద్ధిగల కన్యకలను, బుద్ధిలేని కన్యకలను గూర్చి ఆ గుడిలోనే ప్రసంగించియుంటిని. చీకటిలో ఆ ప్రసంగము నాకు జ్ఞాపకము వచ్చెను. అయితే ఉపమానములోని కన్యకలు తమ నూనె ఇయ్యలేదు గాని, మా పొరుగున నున్న ట్రాక్టరు రైతు, మా సంఘస్థుడు కానివాడు, అడుగకమునుపే తన బ్యాటరీ విప్పుకొని వచ్చెను. నా బ్యాటరీ విప్పుటయే కష్టమయ్యెను. బిళ్లల మీద తెల్లగా, పచ్చగా పొడి పేరుకొని నట్టు తుప్పుతో బిగుసుకొనియుండెను. వేడినీళ్లు పోసి, సుత్తితో తట్టి, చివరకు ఊడదీసిరి. మేము బయలుదేరునప్పటికి ఏబది నిమిషములు గడచెను.

మెదడులో గడ్డకట్టిన రక్తమును కరిగించు ఇంజెక్షను, రోగి చివర బాగుగా నున్న వేళనుండి నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెనట. ఆయన పది గంటలకు బాగుగానే పండుకొనెను. మేము అనంతపురము చేరి, స్కాను తీయించునప్పటికి మూడు కావచ్చినది. గడువు తీరిపోయెను. ఆ వైద్యుడు మంచివాడు, నన్నేమియు అనలేదు.

ఆయన బ్రదికెను. కాళ్లు కొంత స్వాధీనమయ్యెను, మాట సగము వచ్చెను, కుడిచెయ్యి మాత్రము రాలేదు.

తరువాత బ్యాటరీని మెకానికునకు చూపితిని. అతడు మూత తీసి, లోపలికి తొంగిచూచి, "ఏం నీళ్లు పోసినారు అయ్యగారూ?" అనెను. చెప్పితిని. బ్యాటరీలో నుండునది గంధకామ్లము, నీరు కలిసిన ద్రవమట. డైనమో దానికి విద్యుత్తు నెక్కించునప్పుడు కొంత నీరు హైడ్రోజనుగాను, ఆక్సిజనుగాను విడిపోయి ఎగిరిపోవును. మా ఎండలు దానిని ఇంకను తొందరపెట్టును. "యాసిడ్ యాడికీ పోల్యా, నీళ్లే పోయినాయి" అని అతడు చెప్పెను. కనుక యాసిడు పోయరాదు, శుద్ధమైన నీరే పోయవలెను. మా బోరునీటిలోని సున్నము, ఇనుము, లవణములు పలకల నంటి, బండి నిలిచియున్నను బలమును లోలోపల హరించును. గాలి తగిలిన పలకలమీద గట్టిపడిన పొర మరల కరుగదు.

ఆలోచింపగా, వానయు డిస్టిల్డ్ వాటరే గదా. సూర్యుడు నీటిని ఆవిరిగా ఎత్తి, ఉప్పును క్రిందనే విడిచి పంపునది. అదే నీరు భూమిలోనికి దిగి, మా నల్లరాళ్ల సందులలో ఏండ్లకొలది నిలిచి, రాతిలోని ఫ్లోరైడును గూడ కలుపుకొని, వందల అడుగుల లోతునుండి పైకి వచ్చును. మా పిల్లల పండ్లమీది మచ్చలు దాని గురుతులే.

ఇప్పుడు మొదటి శనివారము ఉదయము, ఇంజను చల్లగా నుండగా, బానెట్టు ఎత్తుదును. దగ్గర నిప్పు రానీయను, ఆ హైడ్రోజను భగ్గుమనును. నీరు పై గీతవరకు, అంతకు మించక పోయుదును. బిళ్లల పొడిని సోడాఉప్పు కలిపిన గోరువెచ్చని నీటితో కడిగి, ఆరనిచ్చి, వాజెలీను పూయుదును. విప్పునప్పుడు మైనసు తీగ ముందు, బిగించునప్పుడు అది చివర. మెకానికు ఇచ్చిన చిన్న మీటరు, రాత్రి నిలిచియున్న బండిలో 12.6 వోల్టులు చూపిన సంతోషింతును, 12.2 అయిన సగమే మిగిలెనని తెలిసికొని చార్జింగునకు పంపుదును. బండి వారము రోజులు కదలనిచో, పనిలేకున్నను అరగంట త్రిప్పి వత్తును. డీజిలు దండుగని సంఘపెద్ద ఒకాయన సణిగెను. ఆయనను ఆ ఖర్చు లెక్కలో వ్రాయుమంటిని. ఇప్పుడు మూతలే లేని బ్యాటరీలు వచ్చినవి, కాని వాటి బిళ్లలకును పొడి పట్టును, వాటి బలమును తగ్గును.

బోరునీళ్ల సంగతి ఆయనతో చెప్పుటకు నాకు నాలుగు నెలలు పట్టెను. మంచముప్రక్క కూర్చుండి అంతయు చెప్పితిని. ఆయన చాలసేపు కప్పువైపు చూచెను. పిమ్మట ఒకప్రక్కకు వంగిన నోటితో నవ్వుచు, "ఈ నీళ్లకు మన పండ్లే నిలబడలేదు, దాని పలకలు నిలబడతాయా అయ్యగారూ" అనెను. నేను నవ్వలేకపోయితిని.

ఆదివారమున గంట ఇప్పుడును ఆయనయే కొట్టును, ఎడమచేతితో. మునుపటివలె ఏకరీతిగా రాదు. రెండు దెబ్బలు దగ్గరగా, మూడవది ఆలస్యముగా పడును. ఆ మూడవదానికై నేను వేదికమీద నిలిచి కనిపెట్టుదును.