పాడమంటారు, ఏం వింటావని అడగరు

లైనా డాస్ అనే కెనడా రచయిత్రి 2012లో ఒక పుస్తకం వేసింది. పేరు తెలుగులో చెప్పుకుంటే 'నువ్విక్కడ ఏం చేస్తున్నావు?' అని. ఆమె నల్లజాతి స్త్రీ. హెవీ మెటల్ అంటే ప్రాణం. తనలాగే మెటల్, పంక్, హార్డ్‌కోర్ వినే, వాయించే నల్లజాతి ఆడవాళ్ళతో మాట్లాడి రాసిన పుస్తకం అది. ముందుమాట రాసింది స్కంక్ అనాన్సీ బ్యాండ్ గాయని స్కిన్. పుస్తకం పేరులోని ప్రశ్న వీళ్ళకి రెండు వైపుల నుంచీ ఎదురవుతుంది. కచేరీకి వెళ్తే తెల్ల కుర్రాళ్ళ చూపుల్లో ఉంటుంది. ఇంటికొస్తే సొంతవాళ్ళ నోట్లో ఉంటుంది. మనకి ర్యాప్ ఉంది, సోల్ ఉంది, ఈ తెల్లోళ్ళ గోల నీకెందుకు అని.

నేను మెటల్ పెద్దగా వినను. ప్రశ్న మాత్రం బాగా తెలుసు.

మాది కోస్గి. పాత మహబూబ్‌నగర్ జిల్లా, ఇప్పుడు నారాయణపేట. జొన్న, కంది పండే మెట్ట నేల. వానలు తప్పితే బొంబాయికో పుణెకో వలస పోయే ఊళ్ళు. మేం మాదిగలం. మా తాత డప్పు కొట్టేవాడు. నేను ఇంజనీరింగ్ చదివి పన్నెండేళ్ళుగా హైదరాబాద్‌లో కోడ్ రాసుకుంటూ బతుకుతున్నాను. నా ఫోన్‌లో నీనా సిమోన్ ఉంటుంది, ట్రేసీ చాప్‌మన్ ఉంటుంది, కొంచెం బాఖ్, చాలా ఇళయరాజా. ర్యాప్ లేదు. జానపదాలు లేవు. డప్పు పాటలు లేవు.

ఆఫీసులో ఏటా జూన్ 2కి ఏదో ఒక కార్యక్రమం పెడతారు. "నువ్వు మహబూబ్‌నగర్ కదా, ఒక ఫోక్ సాంగ్ పాడొచ్చు కదా" అని అడుగుతారు. నాకు పాడటం రాదంటే నమ్మరు. "అదేంటి, మీవాళ్ళందరికీ వస్తుంది కదా!" అన్నాడొకతను, మెచ్చుకోలుగానే. అతను రోజూ మెటాలికా వింటాడు. వాళ్ళ తాత పురోహితుడు. మంత్రాలు వచ్చా అని అతన్ని ఎవరూ అడగ్గా నేను చూళ్ళేదు.

ఇది తేలిగ్గా తీసుకోవచ్చు. ఇంకోటి ఉంది. మా కులపోళ్ళే, చదువుకున్నవాళ్ళే, నేను గౌరవించే ఒక అన్న ఓసారి నా ప్లేలిస్ట్ చూసి నవ్వుతూ అన్నాడు: "అక్షరాలొచ్చినంక డప్పు చేదయిందా చెల్లె?"

ఆ మాట చాలారోజులు నాతో ఉంది. ఎందుకంటే అందులో ప్రేమ కూడా ఉంది. డప్పంటే ఏంటో ఆ అన్నకి తెలుసు, నాకూ తెలుసు. చావు కబురు నుంచి జాతర దాకా, పీర్ల పండుగ నుంచి ఊరి చాటింపు దాకా డప్పు కావాలి. కొట్టేవాడు మాత్రం ఊరి బయట ఉండాలి. అది కళ అని ఎవరూ అనలేదు, వెట్టి అన్నారు. 1994లో దండోరా మొదలయ్యాక ఆ వెట్టి వాయిద్యమే పిడికిలైంది. తెలంగాణ ఉద్యమంలో ధూంధాం వేదికల మీద డప్పు మోగితే నా ఒళ్ళు కూడా పులకరించింది. అంత దూరం నడిచొచ్చిన చప్పుడుని నేను చిన్నచూపు చూడలేను. కానీ గౌరవించడం వేరు, రాత్రి పదకొండింటికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాలనిపించడం వేరు.

ర్యాప్ సంగతీ ఇలాంటిదే. అది 1973 ఆగస్ట్ 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో ఒక అపార్ట్‌మెంట్ పార్టీలో పుట్టిందని చెప్పుకుంటారు. డీజే కూల్ హెర్క్ పేరు అందరికీ తెలుసు. ఆ పార్టీ పెట్టింది అతని చెల్లెలు సిండీ కాంప్‌బెల్. స్కూలు తెరిచేలోపు కొత్త బట్టలు కొనుక్కోడానికి నాలుగు డబ్బులొస్తాయని పెట్టింది. 1979లో ర్యాప్‌ని రేడియోలకెక్కించిన 'ర్యాపర్స్ డిలైట్' రికార్డు వెనకా ఒక స్త్రీ ఉంది, సిల్వియా రాబిన్సన్. అలా ఆడవాళ్ళు పీట వేసిన సంగీతంలో కొన్నేళ్ళకి ఆడవాళ్ళే తిట్టుగా మారిన పాటలు వచ్చాయి. 2004లో అట్లాంటాలో స్పెల్‌మన్ కాలేజీ అమ్మాయిలు ర్యాపర్ నెల్లీని అతని వీడియో గురించి నిలదీస్తామన్నారు. నల్లజాతి ఆడపిల్లల కాలేజీ అది. అతను తన కార్యక్రమమే రద్దు చేసుకున్నాడు. వాళ్ళలో చాలామంది ర్యాప్ వింటూ పెరిగినవాళ్ళే.

అయితే ర్యాప్ వినని ప్రతి నల్లజాతి స్త్రీ దగ్గరా ఇంత పెద్ద కారణం ఉండాలా? ఉండనక్కర్లేదు. కొందరికి ఆ బీట్ నచ్చదు, అంతే. వంకాయ తినని మనిషిని మనం కారణం అడగం.

నేను ఇంజనీర్ని కాబట్టి ఒక విషయం గమనించాను. పాటలు సూచించే యాప్‌ల వెనక ఒక పాత పద్ధతి ఉంది. నేను విన్న పాటలనీ మీరు విన్న పాటలనీ పోల్చి చూస్తుంది. చాలా కలిస్తే మనిద్దరం 'ఒకేలాంటి వాళ్ళం' అని లెక్క కట్టి, మీకు నచ్చిందాన్ని నాకు చూపిస్తుంది. అంటే ముందు వినడం, ఆ తర్వాత 'నీలాంటివాళ్ళు' తేలడం. మనుషులు ఇదే లెక్కని తిరగేసి చేస్తారు. ముందు పుట్టుకని బట్టి నీలాంటివాళ్ళెవరో తేలుస్తారు, ఆ తర్వాత నువ్వేం వినాలో చెప్తారు. యాప్‌లని మెచ్చుకోవడం నా ఉద్దేశం కాదు, వాటి రోగాలు వాటికున్నాయి. కానీ నన్ను మొదటిసారి ఉత్త శ్రోతగా చూసింది అదే అన్నది నిజం.

ఉత్త శ్రోత అన్న మాట మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను.

ఒక దసరాకి ఇంటికెళ్ళినప్పుడు నీనా సిమోన్ పెట్టుకుని బట్టలు మడతపెడుతున్నా. అమ్మ కందిపప్పు చెరుగుతోంది.

"గిదేం భాషనే?"

"ఇంగ్లీషమ్మా."

"మగోని గొంతు లెక్కున్నది." కొంచెంసేపు విన్నది. "మంచిగనే ఉన్నది. ఏదో కోపమున్నది ఈమెకు, అయినా తొందర లేదు."

నీనా సిమోన్ మీద ఇంతకంటే మంచి వాక్యం నేనెక్కడా చదవలేదు. ఆ ఊపులో అడిగాను, నువ్వు కలుపుకి పోయినప్పుడు పాడేదానివి కదా, ఆ పాటలు గుర్తున్నయా, ఫోన్‌ల రికార్డు చేస్కుంటా అని. అమ్మ చేట ఆపలేదు.

"అవి పని కోసం పాడిన పాటలు బిడ్డా. పాట ఆగితే చెయ్యి ఆగుతదని, పటేలు గట్టు మీద కూసోని ఇంకోటి ఎత్తుకోమనేటోడు. గొంతు నొయ్యంగ పాడేటోళ్ళం. బొంబాయి పోయినంక రాత్రి రేడియో పెట్టుకునేటోళ్ళం. రఫీ పాడుతుండె. నేను ఊకె కూసోని ఇంటుంటి. ఎవ్వలు నన్ను పాడమనకపోతుండె."

బొంబాయిలో అమ్మ పగలంతా ఇసుక మోసేది. హిందీ సగం అర్థమయ్యేది కాదు. రఫీ, లత, ముకేశ్. వాళ్ళెవరి గొంతూ తన పల్లెది కాదు, తన భాష కాదు, తన కులం కాదు. అయినా ఆమె తన ఇష్టం గురించి చెప్పమంటే అవే చెప్తుంది. నేను మాత్రం ఆమె దగ్గర జానపదాలు ఏరుకుందామని కూర్చున్నాను.

తర్వాత ఆలోచిస్తే ఇంకోటి తోచింది. మా తాత డప్పు కొట్టాడు, మా నాయినమ్మ కొట్టలేదు. మా ఊళ్ళో డప్పు మగవాళ్ళ చేతిది. ఆడవాళ్ళ పాట కూలి పాట. అంటే 'మీ సంగీతం' అని నాకు చూపిస్తున్నదాంట్లో ఒక సగం మా తాత మీద వేసిన వెట్టి, ఇంకో సగం మా అమ్మ గొంతు మీద వేసిన వెట్టి. ఆ రెండింట్లోంచీ గొప్ప అందం పుట్టింది, కాదనను. కానీ మావాళ్ళు ఎప్పుడూ వాయించేవాళ్ళుగా, పాడేవాళ్ళుగా, ఆడేవాళ్ళుగానే ఊరికి కావాల్సి వచ్చారు. కుర్చీలో కూర్చుని విని, ఇది బాగుంది, ఇది బాలేదు అని చెప్పే మనిషి స్థానం మాకెవరూ ఇవ్వలేదు. అమ్మ దాన్ని బొంబాయి రేకుల షెడ్డులో, రేడియో ముందు సంపాదించుకుంది.

నీనా సిమోన్ కథలోనూ ఈ ముడే ఉంది. 1933లో నార్త్ కరోలినాలో ట్రయాన్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది, అసలు పేరు యూనిస్ వేమన్. ఆమె కల పాడటం కాదు, బాఖ్ వాయించే పియానో కళాకారిణి కావడం. 1951లో ఫిలడెల్ఫియా కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో సీటు రాలేదు. తన రంగే కారణమని ఆమె జీవితాంతం నమ్మింది. 1954లో అట్లాంటిక్ సిటీలో ఒక బార్‌లో పియానో వాయించే పనికి కుదిరితే, పాడితేనే ఉద్యోగం అన్నాడు యజమాని. అలా గాయని అయింది. తన సంగీతాన్ని జాజ్ అంటే ఆమెకి నచ్చేది కాదు. 2003లో, ఆమె చనిపోవడానికి కాస్త ముందు, కర్టిస్ గౌరవ పట్టా ఇచ్చింది. నల్లమ్మాయి బాఖ్ వాయించడానికి వస్తే తలుపు మూసుకుంది, పాడటానికి వస్తే బార్ తెరుచుకుంది. ఆ బార్ యజమానీ, మా గట్టు మీది పటేలూ ఒకరినొకరు ఎరగరు.

ఇక ఏది ఎవరి సంగీతం అన్న లెక్క తవ్వుతూ పోతే నిలవదు. తెల్ల కుర్రాళ్ళదనుకునే రాక్ గిటార్‌ని వాళ్ళకంటే ముందు మోగించినవాళ్ళలో సిస్టర్ రొసెట్టా థార్ప్ ఉంది, చర్చి పాటలు పాడుకునే నల్లజాతి స్త్రీ. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆమెని చేర్చుకోడానికి 2018 దాకా పట్టింది. ఎల్విస్ పాటగా లోకమంతా ఎరిగిన 'హౌండ్ డాగ్'ని అంతకుముందే బిగ్ మామా థార్న్‌టన్ పాడింది. ట్రేసీ చాప్‌మన్ 1988లో గిటార్ ఒక్కటి పట్టుకుని వచ్చింది. ఆమె 'ఫాస్ట్ కార్'ని 2023లో ఒక తెల్ల కంట్రీ గాయకుడు మళ్ళీ పాడితే, ఆ ఏడు కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఉత్తమ గీతం అవార్డు రాసినామెకి వచ్చింది. అది అందుకున్న మొదటి నల్లజాతి వ్యక్తి ఆమే. అంటే రాక్, కంట్రీ వినే నల్లజాతి అమ్మాయి పరాయి ఇంటికి పోవడం లేదు. కొన్నిసార్లు అమ్మమ్మ ఇంటికే పోతోంది. నిజంగా పరాయి ఇల్లే అయినా పోవచ్చు అన్నది నా మాట.

ఆ అన్న దగ్గర దీనికి ఒక గట్టి జవాబుంది. నీలాంటి చదువుకున్నోళ్ళు వినకపోతే మన కళలు చచ్చిపోవా అంటాడు. చస్తాయన్న భయం నిజమైనదే. కానీ మా జిల్లా పన్నెండు మెట్ల కిన్నెర సంగతి చూడండి. దర్శనం మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది. ఆయన్ని మెచ్చుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు, సినిమా పాటలోనూ ఆయన గొంతు వినిపించింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కూలి పని చేస్తున్నారని వార్త వచ్చింది. ఆయనకి కొరత శ్రోతలది కాదు. నెలనెలా ఆగకుండా వచ్చే పింఛనుది, పిల్లల ఉద్యోగాలది, నేర్చుకునేవాడికి అన్నం పెట్టే బడిది. వాటి కోసం సంతకం పెట్టమంటే పెడతాను, చందా ఇమ్మంటే ఇస్తాను, ధర్నాకి రమ్మంటే వస్తాను. నా రాత్రి పదకొండింటిని మాత్రం అడగొద్దు. ఒక కళని బతికించే భారమంతా మా ఇంటి ఆడపిల్లల చెవుల మీద పెట్టి, మిగతా ఊరంతా తనకి నచ్చింది వింటూ కూర్చోవడం కూడా పాత పద్ధతే.

మొన్న సంక్రాంతికి మా అక్క బిడ్డ కోస్గిలో మేడ మీద ఫోన్ పట్టుకుని కూర్చుంది. ఇంటర్ చదువుతోంది. కొరియన్ పాటలు వింటోంది. వాళ్ళ నాన్నకి అదో రంది, "గా చైనోళ్ళ పాటలేందో" అంటున్నాడు. కొరియా అని ఆమె నాలుగోసారి సరిచేసింది. నేను పక్కన కూర్చుని ఒక ఇయర్‌ఫోన్ తీసుకున్నాను. నాకు నచ్చలేదు. మరీ నున్నగా ఉంది, ఎక్కడా ఊపిరి తీసుకునే చోటు లేదు అన్నాను.

"నీకు సగమే ఇనిపిస్తుంది పిన్నీ. కింద బేస్ విను, అది వేరే కథ చెప్తది" అని పాట మళ్ళీ మొదటికి తిప్పింది.

బేస్ విన్నాను. అయినా ఒప్పుకోలేదు. చీకటి పడేదాకా వాదించుకున్నాం.